గట్టు వీధి గేజీ

కుడిపూడి వెంకన్నబాబు గారి పీఎస్ఏ నాలుగు దాటిన రోజు పొద్దున్న ఆరుంపావుకి, నిబంధనల ప్రకారం, గట్టు వీధిలోని నలభై రెండు ఇళ్లకూ మొదటి ప్రమాద హెచ్చరిక జారీ అయింది. ఆటోకి మైకు కట్టుకుని వచ్చిన మనిషి వీధి ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు తిరిగి, సామాన్లు అటకెక్కించుకోమనీ, పశువుల్ని గట్టు మీదికి తోలుకోమనీ చెప్పి వెళ్లాడు. అది మార్చి నెల. గట్టుకి అవతల గోదావరి పాయలో గేదెల మోకాళ్లు కూడా తడవడం లేదు. అయినా ఎవరూ ఆశ్చర్యపోలేదు. గుర్తింపు పొందిన గేజీ మీద అంకె గీత దాటితే హెచ్చరిక ఇవ్వాలని రూలు. నీళ్లుండాలని రూల్లో ఎక్కడా లేదు.

పీఎస్ఏ అంటే రక్తంలో కనిపించే ఒక పదార్థం తాలూకు లెక్క. మగవాళ్లకి మూత్రసంచి కింద ప్రొస్టేట్ అని ఒక గ్రంథి ఉంటుంది. వయసు మీద పడి అది ఉబ్బినా, వాచినా, అందులో పాడు జబ్బేదైనా మొదలైనా ఈ అంకె పెరుగుతుంది. ఎందుకు పెరిగిందో మాత్రం అంకె చెప్పదు. దానికి డాక్టరు కావాలి. ఈ సంగతి వెంకన్నబాబు గారు కొనుక్కున్న యంత్రం డబ్బాలో మడతపెట్టి ఉన్న కాగితం మీద తెలుగులోనే రాసి ఉంది. మూడు నెలలకోసారి చూసుకుంటే చాలని కూడా అందులోనే ఉంది.

వెంకన్నబాబు గారు వరద సూచికల ఉపకార్యాలయంలో ముప్పై నాలుగేళ్లు గేజీ రీడరుగా పనిచేసి రిటైరైన మనిషి. గేజీ రీడరు పని ఏమిటంటే, రేవులో పాతిన నలుపూ తెలుపూ చారల స్తంభం దగ్గరికి వెళ్లి నీళ్లు ఏ గీతని తాకుతున్నాయో చూడడం, రిజిస్టర్లో రాయడం, కంట్రోల్ రూముకి ఫోన్ చేసి చెప్పడం. మామూలు రోజుల్లో పొద్దున్న ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ, వరదలో గంటగంటకీ. అంతే. గేట్లెత్తడం ఒకళ్ల పని, జనాన్ని ఖాళీ చేయించడం ఇంకొకళ్ల పని. ఒక ఏడాది నీళ్లు ఆయన నిలబడ్డ మెట్టెక్కి, మోకాలు దాటి, నడుం దాకా వచ్చినా కదలకుండా రీడింగు ఇస్తూనే ఉన్నారనీ, చివరికి ఎవరో చొక్కా పట్టుకుని ఒడ్డుకి లాగారనీ ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకు ఆయనకి ప్రశంసాపత్రం ఇచ్చారు. లాగినవాడికి ఏమీ ఇవ్వలేదు.

అవతలి గట్టు రీడరు అప్పల్నరసయ్య ప్రొస్టేట్ జబ్బుతో పోయినప్పుడు వెంకన్నబాబు గారికి భయం పట్టుకుంది. అప్పల్నరసయ్య డాక్టరుకి చూపించుకునేసరికి ఆలస్యమైపోయిందని అందరూ అన్నారు. ఆ మాట విని ఎవరైనా డాక్టరు దగ్గరికి పరిగెత్తుతారు. వెంకన్నబాబు గారు గేజీ రీడరు కాబట్టి గేజీ కొనుక్కున్నారు. వేలికి సూది గుచ్చి చుక్క రక్తం పెడితే అంకె చూపించే యంత్రం అది. వరండా గోడ మీద నలుపూ తెలుపూ ఎనామిల్ రంగుతో సున్నా నుంచి పది దాకా గీతలు వేసుకున్నారు. పొద్దున్న ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ వేలు గుచ్చుకుని, అంకె రాసుకుని, గోడ మీద సుద్దతో గుర్తు పెట్టేవారు. మొదటి రోజు గుర్తు పెట్టాక చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి వెళ్లింది.

"గట్టు వీధి, ఆరు గంటలు, రెండు పాయింటు ఆరు, నిలకడ" అన్నారు.

కంట్రోల్ రూములో ఉన్నతను రాసుకున్నాడు. చెప్పింది రాసుకోవడం అతని డ్యూటీ. ఆ రోజు పొరపాటు ఎవరూ చెయ్యలేదు, మర్నాడూ ఎవరూ చెయ్యలేదు. పద్దెనిమిది నెలలు ఎడతెగకుండా రీడింగులు వచ్చిన చోటుని శాశ్వత గేజీ స్థలంగా గుర్తించాలని విభాగంలో ఒక ఉత్తర్వు ఉంది. పందొమ్మిదో నెలలో అసిస్టెంట్ ఇంజనీరు తనూజ గారు ఫారాలు పట్టుకుని తనిఖీకి వచ్చింది.

వచ్చినావిడ పద్ధతైన మనిషి. గోడ మీద గీతలు చూసి బాగా వేశారని మెచ్చుకుంది. కుర్చీలో కూర్చుని ఫారంలో మొదటి కాలమ్ దగ్గర పెన్ను ఆపింది.

"గేజీ ఎక్కడుందండీ?"

వెంకన్నబాబు గారు నీళ్లు నమిలారు. "లోపలండి."

"లోపలంటే, ఇంట్లోనా?"

"ఆయ్. నేను ఇంట్లో ఉన్నప్పుడు ఇంట్లోనేనండి."

ఆడ మనిషి ముందు ఆయన ఇంకో ముక్క చెప్పలేరని గ్రహించి, ఆయన భార్య భూలక్ష్మి వంటింట్లోంచి అందుకుంది. "ఒంటేలు సంచి కిందండి మేడం గారూ. ఉసిరికాయంత ఉంటాదంట."

తనూజ గారు 'మూత్రసంచికి దిగువన, ఆనుకుని. పరిమాణం ఉసిరికాయ' అని రాసుకుంది. "సముద్రమట్టానికి ఎంత ఎత్తు?"

"కూకున్నప్పుడాండి, నించున్నప్పుడాండి?"

"రీడింగు తీసేటప్పుడు."

"కూకుంటానండి."

టేపు పెట్టి కుర్చీ ఎత్తు కొలిచి, గట్టు ఎత్తుకి కలిపి రాసుకుంది. విభాగంలో ఉన్న పాత కాగితాల ప్రకారం నాలుగుకి మొదటి హెచ్చరిక, ఆరుకి రెండోది, ఎనిమిదికి మూడోది అని ఖరారు చేసింది. 'ఇది ప్రభుత్వ గేజీ. కదిలించినవారు శిక్షార్హులు' అని రాసిన చిన్న రేకు ముక్క తీసి, ఎక్కడ బిగించాలా అని వరండా అంతా చూసింది. గేజీకే బిగించాలని ఉంది కాబట్టి, ఆయన చొక్కా జేబుకి పిన్నీసుతో పెట్టి వెళ్లింది. వెంకన్నబాబు గారికి కొంచెం గర్వంగానే అనిపించింది. రిటైరయ్యాక తనని ఎవరైనా మళ్లీ లెక్కలోకి తీసుకోవడం అదే మొదలు.

మొదటి హెచ్చరిక వచ్చాక వీధి మర్యాద మారింది. మూల మీద టిఫిన్ కొట్టు నడిపే త్రిమూర్తులు పొయ్యి ఎత్తి బల్ల మీద పెట్టుకుని, రోజూ ఆరుంపావుకల్లా వరండా ముందుకి వచ్చేవాడు.

"ఎంతండి బాబాయ్ గారూ ఇయ్యాల?"

"నాలుగు పాయింటు ఏడు. పెరుగుదల."

"మరి పిండి రుబ్బించమంటారా, ఆపమంటారా?"

వెంకన్నబాబు గారు గోడ మీద గుర్తు కేసి వేలు చూపించేవారు. పాలవాడూ అడిగేవాడు, చాకలామె అడిగేది, వీధి బడి పంతులు గారు సెలవు ఇవ్వాలో వద్దో కనుక్కోవడానికి మనిషిని పంపేవారు. అందరూ ఆయన అంకె కోసం కంగారుపడేవాళ్లే. కంగారుపడి, గోడ మీద గుర్తు చూసుకుని, ఆయనకి నమస్కారం పెట్టి వెళ్లిపోయేవారు. ప్రమాదం ఉన్నది నిజమే గాని ఎవరికి ఉన్నట్టో ఆయనకి అర్థం కావడం మానేసింది. ఒకరోజు త్రిమూర్తులు అడుగుతుంటే, పాపం వీళ్లకి ఏమవుతుందోనని ఆయనకే దిగులు వేసింది.

భూలక్ష్మి ఒక్కతే వేరేగా అడిగేది. రెండో హెచ్చరిక మైకు తిరిగి వెళ్లిన రోజు, కాఫీ గ్లాసు చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎలాగుందండీ మీకు?"

"ఆరు పాయింటు రెండు. పెరుగుదల."

"అది కాదండీ. మీకెలాగుందని అడిగేను."

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. ఒంటేలు ఆగి ఆగి వస్తోంది. నడుం కింద ఒక బరువు. ఆకలి తగ్గింది. ఇవి రాసుకోవడానికి రిజిస్టర్లో కాలమ్ లేదు కాబట్టి ఆయన ఎక్కడా రాయలేదు, రాయని వాటిని చెప్పడం అలవాటు లేదు. "భయంగా ఉందే" అన్నారు చివరికి. గేజీ మనిషయ్యాక ఆయన అలాంటి రీడింగు ఇవ్వడం అదే మొదటిసారి.

ఆవిడ ఆ మధ్యాహ్నమే తమ్ముడికి ఫోన్ చేసి, కాకినాడలో మూత్రకోశాల డాక్టరు దగ్గర బుధవారం ఒంటిగంటకి టోకెను పెట్టించింది. చీటీ వచ్చాక బియ్యం డబ్బాలో దాచింది. పోగొట్టుకోకూడని వాటిని ఆవిడ అక్కడే దాస్తుంది.

వెంకన్నబాబు గారు ఒక్కరోజు సెలవుకి దరఖాస్తు పెట్టుకున్నారు. తనూజ గారు సానుభూతితోనే చదివింది.

"మీరు వెళ్లచ్చండి వెంకన్నబాబు గారూ. మీ బదులు రీడరుని వేస్తాను. గేజీ వెళ్లకూడదు."

"రెండూ కలిసే ఉన్నాయి కదండి మేడం గారూ."

"అదే ఇబ్బంది. గేజీ స్థలం మార్చాలంటే స్కెచ్చి నాలుగు కాపీలు కావాలి. ఎగువ గేజీ, దిగువ గేజీ ఒప్పుకోవాలి. పైగా కాకినాడ మన పరిధి కాదు, అక్కడ సముద్రం లెక్క వేరు. వరద తగ్గాక పెట్టండి, నేనే దగ్గరుండి చేయిస్తాను."

వరద తగ్గితే కాకినాడ వెళ్లే పనేముంటుందని ఆయనకి తోచింది గాని, ఆవిడ చెప్పినదాంట్లో తప్పెక్కడుందో దొరకలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు గాని, ఇక్కడ పూజారి కూడా ఇచ్చేదే. కాగితం లేదు, అంతే.

బుధవారం పొద్దున్న ఆరింటి రీడింగు ఎనిమిది పాయింటు ఒకటి. మూడో ప్రమాద హెచ్చరిక. ఏడు గంటలకి లారీ మీద పడవ వచ్చింది. మూడో హెచ్చరికలో జనాన్ని పడవలోనే తరలించాలని ఉంది కాబట్టి, దాన్ని వీధిలో దింపి, ముందు ట్రాక్టరు కట్టి, ఇంటికి ముగ్గురు చొప్పున ఎక్కించుకుని సిమెంటు రోడ్డు మీద ఈడ్చుకుంటూ హైస్కూలుకి తీసుకెళ్లారు. అడుగు చెక్కలు రాసుకుని ఒకటే గోల. త్రిమూర్తులు ఇడ్లీ పాత్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దారిలో ఎవరూ చెయ్యి బయటపెట్టలేదు.

భూలక్ష్మి వెళ్లనంది. జాబితాలో పేరున్న మనిషి ఖాళీ చేయకపోతే కేసవుతుందని పడవ తాలూకు ఉద్యోగి మర్యాదగా చెప్పాడు. జాబితాలో వెంకన్నబాబు గారి పేరు లేదు. గేజీని ఖాళీ చేయించడం ఏమిటి, అది ఉంటేనే కదా నీళ్లు ఎంతొచ్చాయో తెలిసేది.

"ఎల్లవే, నాకేం పరవాలేదు" అన్నారాయన.

ఆవిడ, మునిగిపోకుండా పడవ వాళ్లిచ్చిన నారింజ రంగు చొక్కా చీర మీద తొడుక్కుని, బియ్యం డబ్బాలోంచి చీటీ తీసి ఆయన జేబులో, రేకు ముక్క వెనకాల పెట్టింది. "పదింటికి గట్టు మీద బస్సుంది" అంది. ఇంకేమీ అనకుండా పడవెక్కింది.

హైస్కూల్లో పులిహోర పొట్లాలు పంచారు. వైద్య శిబిరం కూడా పెట్టారు. ఆరోగ్యంగా ఉన్న గట్టు వీధి వాళ్లందరికీ బీపీ చూశారు, షుగరు చూశారు, కాచిన నీళ్లు తాగమని చెప్పారు. భూలక్ష్మి వరసలో నిలబడి తన వంతు వచ్చాక మొగుడి అంకెలు మొదటి రోజు నుంచీ ఉన్నవన్నీ నోటితో చెప్పింది. శిబిరం డాక్టరు అంతా విన్నాడు.

"ఎక్కడ మొదలై ఎక్కడికొచ్చిందో బాగా రాసుకున్నారమ్మా. కానీ అంకెని బట్టి నేనేమీ చెప్పలేను. ఏమీ కాకపోవచ్చు, ఏదైనా కావచ్చు. మనిషిని చూడాలి."

"రానివ్వరండి."

"అయితే నేనే వెళ్తాను."

ముంపు ప్రాంతంలోకి బయటివాళ్లని పంపకూడదని పక్కనున్న ఉద్యోగి గుర్తుచేశాడు. డాక్టరు స్టెతస్కోపు మెడలోనే ఉంచుకుని మళ్లీ కూర్చున్నాడు. భూలక్ష్మి ఫోన్ చేసి మొగుడికి ఒక్క మాటే చెప్పింది. "మనిషిని చూడాలంటన్నారండి. అంకె చాలదంట."

ఆ ఫోన్ వచ్చేసరికి తొమ్మిదయింది. మిగతా నలభై ఒక్క ఇళ్లకీ తాళాలున్నాయి. వీధిలో ఎండ తప్ప ఏమీ లేదు. వెంకన్నబాబు గారు వేలు గుచ్చుకున్నారు. చూపుడు వేలు నుంచి చిటికెన వేలు దాకా గుచ్చడానికి చోటు మిగల్లేదు, బొటనవేలు వాడారు. ఎనిమిది పాయింటు నాలుగు. కంట్రోల్ రూముకి చెప్పారు. అటువైపు రాసుకున్న చప్పుడు వినిపించింది. మామూలుగా అక్కడితో ఫోన్ పెట్టేయాలి.

"మరి నేనేం చెయ్యాలండి?" అని అడిగారు.

ముప్పై నాలుగేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ ఏ గేజీ నుంచీ అడిగి ఉండరు. అటువైపు కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"అలాంటి కాలమ్ లేదండి" అన్నాడతను, నిజంగానే వెతికి చూసి. "పెరుగుదలా, నిలకడా?"

"పెరుగుదల."

"నమోదు చేశానండి."

వెంకన్నబాబు గారికి ఆ ఏడాది వరద గుర్తొచ్చింది. నీళ్లు నడుం దాకా వచ్చినప్పుడు తను ధైర్యంగా నిలబడలేదు. కాళ్లు కదపాలని తోచలేదు, అంతే. చూస్తున్నంతసేపు ఏమీ కాదని ఎక్కడో ఒక నమ్మకం. ఆ మాట ఆయన ప్రశంసాపత్రం పుచ్చుకున్న రోజున కూడా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చొక్కా పట్టుకుని లాగడానికి వీధిలో ఎవరూ లేరు.

ఆయన లేచి, ఇంటికి తాళం వేసి, సంచి భుజాన వేసుకుని గట్టు మీదికి నడిచారు. గేజీ తన స్థలం వదిలి కదలడం ఆ విభాగంలో అదే మొదటిసారి. అడుగడుక్కీ ఎవరో పిలుస్తారనుకున్నారు. ఎవరూ పిలవలేదు. పది అయింది, పదీ పది అయింది. కాకినాడ బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆయన ముందే ఆగింది. ఆయన కుడికాలు మెట్టు మీద పెట్టారు.

ఫోన్ మోగింది. తనూజ గారు.

"శుభవార్తండి వెంకన్నబాబు గారూ. మూడు వారాల్లో మూడు హెచ్చరికలు రావడం విభాగానికి మంచి పేరు కాదని పైన సమీక్ష చేశారు. పాత ప్రమాద స్థాయిలు మరీ తక్కువగా పెట్టారట. సవరించారు. మొదటి హెచ్చరిక ఇక పదికి, రెండోది పదిహేనుకి, మూడోది ఇరవైకి. మీ వీధికి ఏ ప్రమాదమూ లేదు. అందరినీ వెనక్కి పంపేస్తున్నాం."

"ఎనిమిది పాయింటు నాలుగుందండి మరి."

"అవును. ప్రమాద స్థాయికి ఒకటి పాయింటు ఆరు కింద ఉన్నారు."

వెంకన్నబాబు గారి ఒంట్లోంచి ఏదో పెద్ద బరువు దిగినట్టయింది. నెలరోజుల తర్వాత మొదటిసారి ఆకలేసింది. ఆ సుఖం అబద్ధం కాదు. కిటికీలోంచి కండక్టరు తొంగిచూశాడు.

"ఎక్కుతారా అండి?"

"అక్కర్లేదండి" అన్నారాయన, కాలు కిందికి దించి. "తగ్గింది."

కండక్టరు గంట కొట్టాడు.

మధ్యాహ్నానికి ట్రాక్టరు పడవని వెనక్కి ఈడ్చుకొచ్చింది. త్రిమూర్తులు దిగుతూనే వరండా ముందుకి వచ్చి, "గండం గడిచి పిండం బయటపడిందండి బాబాయ్ గారూ" అని, పొట్లంలో నాలుగు ఇడ్లీలు ఆయన చేతిలో పెట్టాడు. పంతులు గారు బడి తెరిచారు. పాలవాడు గేదెల్ని గట్టు దింపాడు. వీధి వీధంతా ఆయన్ని చూసి నవ్వుతూ పోయింది. ఒకరిద్దరు చేతులు కూడా కలిపారు.

భూలక్ష్మి అందరికన్నా ఆఖర్న దిగింది. నారింజ రంగు చొక్కా విప్పి ఉద్యోగికి ఇచ్చేసి, మెట్లెక్కి, మొగుడి ముఖం కేసి చూసింది. ఆయన జేబులో చీటీ అలాగే ఉంది. గోడ గడియారంలో ఒంటిగంటకి అయిదు నిమిషాలుంది. ఆవిడ ఆ మూడూ చూసింది. చీటీ తియ్యడానికి చెయ్యి చాచింది. వీధిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. పొద్దుటి నుంచీ నిలబడి ఉందేమో, కాళ్లు లాగి అక్కడే మెట్టు మీద కూర్చుంది.

"ఎంతండీ?" అని అడిగింది.

"ఎనిమిది పాయింటు నాలుగు. ఇప్పుడు ప్రమాదం పది దగ్గరంట."

"అమ్మయ్య" అంది భూలక్ష్మి.

అన్నం తిన్నాక ఆయన అటక మీంచి ఎనామిల్ డబ్బాలు దింపి, స్టూలెక్కారు. పాత గీతలు పది దగ్గర ఆగిపోయాయి. ఇరవై దాకా వేయాలి. భూలక్ష్మి కింద నిలబడి స్టూలు కదలకుండా పట్టుకుంది. ఆయన నలుపు తర్వాత తెలుపు, తెలుపు తర్వాత నలుపు, గీత తప్పకుండా వేసుకుంటూ పోయారు. కప్పు దాకా గోడ ఇంకా చాలానే ఉంది.